కాల్పులు ఆగిన మూడేళ్లకు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో జపాన్ యానిమేల (అక్కడి బొమ్మల సీరియళ్ల) మీద వచ్చిన వ్యాసం చదివాను. అవన్నీ రక్తపాతమేననీ, పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయనీ రాసేశారు. అన్నిటి సంగతీ నాకు తెలియదు. నేను చూసింది ఒక్కటే, అందులోనూ మొదటి సంపుటమే. అది చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. యానిమేలను వెనకేసుకు రావడానికి కాదు, మీ పేపరుకు ఒక మాట చెప్పడానికి.

నేను ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, పెన్షన్ సెక్షన్‌లోనే జుట్టు నెరిసి రిటైరైనవాణ్ని. ఇంటర్ చదివే మా మనవడు ఒకరోజు "తాతయ్యా, ఇందులో మీ ఆఫీసు లాంటిదొకటి ఉంది, చూద్దువుగాని రా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పేరు పంప్‌కిన్ సిజర్స్. గుమ్మడికాయ కోసే కత్తెరన్నమాట. ర్యోతారో ఇవానగా గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, ఆధారంగా తీశారు. 2006 అక్టోబరులో జపాన్ టీవీలో మొదలై 24 భాగాలు వచ్చింది. మా అబ్బాయి ఎప్పుడో అమెరికాలో కొన్న డీవీడీ అది.

మామూలుగా యుద్ధం కథలు యుద్ధం ముగియడంతో అయిపోతాయి. ఇది అక్కడ మొదలవుతుంది. ఒక సామ్రాజ్యానికీ, ఫ్రాస్ట్ అనే పక్క రిపబ్లిక్‌కూ మధ్య కాల్పుల విరమణ జరిగి మూడేళ్లయింది. ఊళ్లలో తిండి లేదు, రోగాలు. జీతాలు రాని సైనికులు ఆయుధాలతో సహా దోపిడీ దొంగలైపోయారు. మొదటి భాగంలోనే అలాంటి ముఠా ఒకటి ట్యాంకు పెట్టుకుని ఒక ఊరిని పీక్కు తింటూ ఉంటుంది. ప్రభుత్వం యుద్ధ బాధితుల సహాయం కోసమని సైన్యంలో గూఢచారి విభాగం కింద మూడో సెక్షన్ ఒకటి పెట్టింది. పట్టుమని పదిమంది కూడా ఉండరు. తక్కిన సెక్షన్ల వాళ్లకు వీళ్లంటే లోకువ. 'ఏదో చేస్తున్నాం' అని జనానికి చూపించుకోవడానికి పెట్టిన సెక్షన్ అని అందరికీ తెలుసు. అందులో పనిచేసే లెఫ్టినెంట్ అలిస్ మాల్విన్‌కి మాత్రం తెలియనట్టుంటుంది. తెలిసినా ఒప్పుకోదు. పెద్దింటి పిల్ల, మొండిది. ఇలాంటి కొత్త ఉద్యోగిని ప్రతి ఆఫీసులోనూ ఒకరైనా చూస్తాం.

నన్ను పట్టుకున్నది ఆమె కాదు, కార్పొరల్ రాండెల్ ఓలాండ్. ఒళ్లంతా గాయాల గీతలున్న భారీ మనిషి, పిల్లి లాంటి స్వభావం. ఉండటానికి చోటు లేక తిరుగుతూ ఈ సెక్షన్‌లో వచ్చిపడతాడు. యుద్ధంలో అతని పని ట్యాంకు దగ్గరికి కాలినడకన పోయి, తుపాకీ దానికి ఆనించి కాల్చడం. నడుముకున్న నీలం లాంతరు వెలిగిందంటే భయమూ తెలియదు, నొప్పీ తెలియదు. అతను పనిచేసిన 901 దళం సైన్యం కాగితాల్లో అసలు లేదు.

అక్కడ నేను మనవణ్ని ఆపమన్నాను. "దళమే లేకపోతే వీడి సర్వీసు రికార్డు ఎక్కడుంటుందిరా? రికార్డు లేకుండా పెన్షన్ ఎవరిస్తారు?" అన్నాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భర్త పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందని కుటుంబ పెన్షన్ ఆగిపోయి, కౌంటరు ముందు నిలబడ్డ మాజీ సైనికుల భార్యలను ఎంతమందిని చూశానో. 'ఫైలు పైకి పంపాం అమ్మా' అని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సామ్రాజ్యం పేర్లూ వేషాలూ యూరప్‌వి. బాధ మాత్రం తీసినవాళ్ల సొంత దేశానిదేనని నాకనిపించింది. దాంతో జపాన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. 1945 ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో మాట్లాడటంతో యుద్ధం అయిపోయింది కదా. బయటి దేశాల నుంచి 60 లక్షల మందికి పైగా ఇంటికి రావలసి ఉంది. అమెరికా ఆక్రమణ ప్రభుత్వం 1946 ఫిబ్రవరికల్లా సైనిక పెన్షన్లు దాదాపు అన్నీ రద్దు చేసింది. తీవ్రంగా వికలాంగులైనవాళ్లకు కొంత కోతపెట్టి మిగిల్చారు. తెల్ల ఆసుపత్రి బట్టల్లో, కాళ్లూ చేతులూ పోయిన సైనికులు స్టేషన్ల దగ్గర అకార్డియన్ వాయించుకుంటూ బిచ్చమెత్తారు. 1948 సర్వేలో తేలిన అనాథ పిల్లలు 1,23,000కు పైనే. టోక్యోలో ఉఎనో స్టేషన్ కింది దారిలో పడుకునేవాళ్లు చాలామంది.

యమగుచి యోషితద అనే జడ్జి సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. బ్లాక్ మార్కెట్లో తిండి కొన్నవాళ్లకు శిక్షలు వేయడం ఆయన ఉద్యోగం. రేషన్ మీద ఎవరూ బతకలేని రోజులవి. ఇతరులకు శిక్ష వేసే నేను ఆ తిండి ఎలా తింటానని మానేసి, 1947 అక్టోబరులో తిండి చాలక చనిపోయాడు. ముప్పైమూడేళ్లు.

సైనిక పెన్షన్ 1953లో తిరిగి వచ్చింది, పాత హోదా లెక్కనే. జనరల్‌కు ఎక్కువ, జవానుకు తక్కువ. అంతకు ముందు ఏడాది వచ్చిన సహాయ చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది, జపాన్ కుటుంబ రిజిస్టరు చట్టం కిందికి రానివాళ్లకు ఇది వర్తించదని. దాంతో, అప్పటి జపాన్ ఏలుబడిలో ఆ దేశం యూనిఫాం వేసుకుని పోరాడిన కొరియావాళ్లూ తైవాన్‌వాళ్లూ లెక్కలోంచి పోయారు. కాలు పోయింది ఒకే యుద్ధంలో, పేరున్న రిజిస్టరు వేరు! ఇక బాంబుదాడుల్లో నష్టపోయిన మామూలు జనం. 1945 మార్చి 9-10 రాత్రి ఒక్క టోక్యోలోనే లక్షమంది దాకా చచ్చిపోయారు. నగోయా బాధితులు వేసిన కేసులో 1987లో అక్కడి సుప్రీంకోర్టు, అలాంటి నష్టం ప్రజలంతా సమానంగా ఓర్చుకోవలసిందేనని చెప్పి పంపేసింది.

మనమేమీ తక్కువ తినలేదు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పోరాడినవాళ్లను స్వతంత్ర భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పథకం వచ్చేసరికి 1972 అయింది. అదే యుద్ధంలో 1942లో రంగూన్ నుంచి కొండలూ అడవులూ దాటి నడిచివచ్చిన మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలలో దారిలో పోయినవాళ్లకు సరైన లెక్కే లేదు.

ఆ యానిమేలో నాకు నచ్చనివీ ఉన్నాయి. కరుణరసం మధ్యలో వేళాకోళం దూరుస్తారు, అది అతకదు. ప్రతి కష్టానికీ వెనక ఒక దుర్మార్గపు జమీందారో, లంచగొండి అధికారో ఉంటాడు. వాణ్ని కొడితే ఊరు బాగుపడిపోతుంది. నిజానికి నేను పనిచేసిన ఆఫీసులో దుర్మార్గులు పెద్దగా లేరు. మంచివాళ్లే, పదకొండింటికి టీ తాగి, ఫారం తప్పుగా నింపారని వెనక్కి పంపేవాళ్లు. ఆ ట్యాంకును పగలగొట్టే తుపాకీ రాండెల్ దగ్గర కూడా లేదు.

ఇంత చెప్పి, మీ పేపరు మాటకొస్తాను. కాల్పుల విరమణ జరిగిన రోజు మీరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలు వేస్తారు. వారం తిరక్కుండా ఆ ఊళ్ల పేర్లు పేపర్లోంచి పోతాయి. 2025 మేలో జమ్మూ కాశ్మీర్ సరిహద్దు దగ్గరి పూంఛ్‌లో ఇళ్ల మీద షెల్స్ పడ్డప్పుడు మీ టీవీ వాళ్లూ మీరూ రోజంతా అదే చెప్పారు, మాకూ టెన్షనే. మే 10న కాల్పులు ఆగాయి. ఆ తర్వాత అక్కడ ఎవరి ఇంటి గోడ లేచిందో, ఎవరికి పరిహారం ఏ కాగితం లేదని ఆగిందో మీ పేజీల్లో నేను చదివిన గుర్తు లేదు. మీరు వేసి, నేను చూడలేదంటే క్షమించండి.

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఎక్కడైనా కాల్పులు ఆగాయని వార్త వేసిన రోజున, మీ డెస్కులో క్యాలెండరు తీసి మూడేళ్ల తర్వాతి తేదీ మీద ఆ ఊరి పేరు రాసిపెట్టుకోండి. ఆ రోజు ఒక విలేఖరిని పంపండి. పంపలేకపోతే అక్కడి కలెక్టరాఫీసుకు ఫోను చేసి, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని పెండింగులో ఉన్నాయి అని రెండు అంకెలు అడగండి. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసినా చాలు. పూంఛ్‌కైతే ఆ తేదీ 2028 మే 10. నేను ఉంటే చదువుతాను, లేకపోతే మా మనవడు చదువుతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
కాకినాడ