వేసవి క్రీడా శిబిరాల్లో ఉక్కనూ లెక్కించాలి
విశాఖలో వేసవి క్రీడా శిబిరాలు ఎండను చూస్తున్నాయే గానీ ఉక్కను లెక్కలోకి తీసుకోవడం లేదు. రాయలసీమలో 40 డిగ్రీలున్నా చెమట ఇట్టే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ 34 డిగ్రీలకే సముద్రపు తేమకు చెమట ఆరక కారిపోతుంది, వేడి ఒంట్లోనే నిలిచిపోతుంది. అయినా చాలా మైదానాల్లో మొదటి రోజు నుంచే పిల్లలను పూర్తి వేగంతో పరుగెత్తిస్తున్నారు. శరీరం వేడికి అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది కనుక మొదటి వారం సాధన సగానికి తగ్గించాలి. సాధనకు ముందూ తర్వాతా బరువు తూస్తే చాలు, కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టే. ఒంటి బరువులో 2 శాతానికి మించి తగ్గితే తాగుతున్న నీరు చాలడం లేదని అర్థం. పరుగులో తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడే పిల్లాడిని నీరసమనుకుని నీడలో కూర్చోబెట్టడం ప్రాణాలమీదికి తెస్తుంది. అది వడదెబ్బ. అంబులెన్సుకు ఫోన్ చేసి, తల పైకి పట్టుకుని మెడ వరకు ఐసు నీటి తొట్టిలో ఉంచాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. జిల్లా క్రీడాధికారులు ప్రతి శిబిరంలో వేడితో పాటు గాలిలోని తేమనూ లెక్కలోకి తీసుకునే తడి బల్బు థర్మామీటరు, తొట్టి, ఐసు తప్పనిసరి చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వ్యాయామ విద్యా విభాగం సాయంతో ఏప్రిల్‌లోనే కోచ్‌లకు రెండు రోజుల పునశ్చరణ తరగతులు నడిపి, వాటికి రానివారికి శిబిరం అప్పగించకూడదు.
— ఓ వ్యాయామ శాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం