డిస్కులు కలిపినప్పుడు ఆ ఒక్క మాటా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. మా నాన్నగారు మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లలో హరికథలు చెప్పేవారు. ఆయన పోయాక మాకు మిగిలినవి 31 క్యాసెట్లు. రిటైరై బెంగళూరులో మా అబ్బాయి దగ్గరికి వచ్చాక, మారతహళ్లి ఇంట్లో కూర్చుని ఏడాదిపాటు వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

ఆ కంప్యూటర్ ఎస్పీ రోడ్డులో ఒక షాపులో చేయించుకున్నది. "రెండు హార్డ్ డిస్కులు రెయిడ్ జీరోలో కలిపేశాను సార్, స్పీడ్ డబుల్" అన్నాడు షాపతను. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడే పద్ధతి. తెరిస్తే సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు కనిపించాయి. విండోస్ పాడైతే పోయేది సీ డ్రైవే, మనవి డీలో ఉంటే భయం లేదని అందరం అనుకుంటాం కదా. కథలన్నీ డీలోనే పెట్టాను.

మొన్న వేసవిలో ఒక రాత్రి డబ్బాలోంచి టక్, టక్ మని చప్పుడు మొదలైంది. తెల్లారేసరికి మూడు డ్రైవులూ లేవు. ఒక డిస్కు బాగానే ఉంది, సగం కథలైనా తీసివ్వమని షాపువాళ్లని బతిమాలాను. అప్పుడు చెప్పారు అసలు సంగతి. రెయిడ్ జీరోలో ప్రతి ఫైలూ ముక్కలై, ఒక ముక్క ఈ డిస్కులోకి, తర్వాతది ఆ డిస్కులోకి పోతుంది. నాది 64 కేబీ ముక్క. గంట క్యాసెట్ 600 ఎంబీ పైమాటే, అంటే పదివేలకు దగ్గర ముక్కలు. బాగున్న డిస్కులో నాన్నగారి గొంతు సెకనులో మూడోవంతు ఉంటుంది, ఆపైన మూడోవంతు ఉండదు. పార్టిషన్లు, అంటే సీ, డీ, ఈ లాంటి భాగాలు, ఎన్ని చేసినా అన్నీ రెండు డిస్కుల మీదా పరుచుకునే ఉంటాయి.

1988లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ గురించి రాసిన పత్రంలో ఒకటి నుంచి ఐదు వరకు రకాలే ఉన్నాయి. ఒక డిస్కు పోయినా డేటా దక్కాలన్న ఆలోచన వాటన్నిటిలో ఉంది. తర్వాత వచ్చి చేరిన జీరోలో ఆ రక్షణ లేదు.

మళ్లీ ఎక్కిద్దామంటే, తొమ్మిది క్యాసెట్ల టేపు మొదటిసారి తిప్పినప్పుడే తెగిపోయింది. రుక్మిణీ కల్యాణం అందులో ఉంది. చిడతలు ఆపి, ఒక్కసారి దగ్గి, జనం చేత "గోవిందా" అనిపించే చోటు ఇక నాకు వినపడదు.

డిస్కులు కలపడం తప్పని నేననను. పెద్ద ఫైళ్లు కోసి అతికేటప్పుడు ఆ వేగం నిజంగా అక్కరకొస్తుంది, ఇప్పుడూ లినక్స్‌లో (విండోస్ బదులు వాడేది) కలిపే వాడుతున్నాను. కానీ అక్కడ ఏదీ రాత్రి ఉండనివ్వను. పూర్తయిన కథ ఆ సాయంత్రమే విడిగా ఉన్న మూడో డిస్కులోకి వెళ్తుంది. ఇంకో కాపీ మదనపల్లెలో మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది.

షాపులవాళ్లకి నా మనవి: రెండు డిస్కులు కలిపి ఉన్నాయనీ, ఒకటి పోతే అంతా పోతుందనీ కొన్నవాళ్ల భాషలో బిల్లు మీద రాసివ్వండి. పాఠకులు ఈ రోజే విండోస్‌లో డిస్కులను చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. బిల్లులో రెండు డిస్కులుండి, అక్కడ రెండింటి సైజుతో ఒక్కటే కనిపిస్తే, పిల్లల ఫొటోలు ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి.

— ఒక హరిదాసు కొడుకు, మారతహళ్లి, బెంగళూరు