విజయనగరం, మన పేట సంఘం వార్షిక నివేదిక: పాత హాలు కూల్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పది పనుల గురించి తలో నాలుగు వాక్యాలు రాస్తుంటాను. ఈసారి అలా కుదరదు. కమిటీ కాలమంతా, మన ఓపికంతా, డబ్బులో చాలా భాగం ఒక్క పనికే పోయింది. అది మన పాత హాలు కూల్చడం. అందులో తప్పులు జరిగాయి. సర్వసభ్య సమావేశంలో ఎవరో లేచి అడిగే లోపు ఆ తప్పులు నేనే రాసేస్తే మంచిదనిపించింది.

మిగతావి ముందు చెప్పేస్తాను. వినాయక చవితి పందిరి హాలు లేక రోడ్డు వారగా వేశాం, ఇబ్బంది పడ్డాం. షుగరు, బీపీ పరీక్షల శిబిరం మామూలుగానే జరిగింది. పిల్లల సాయంత్రం చదువులు ఒక సభ్యురాలి మేడ మీదకి మారాయి, ఆవిడ పైసా అద్దె తీసుకోలేదు. పత్రికలు చదువుకునే బల్ల ప్రస్తుతం మా ఇంటి వరండాలో ఉంది. పొద్దున్నే ఆరింటికి తలుపు కొట్టే పెద్దలకు ఒక విన్నపం: పేపరు కుర్రాడు వచ్చేదే ఆరున్నరకి.

ఇక హాలు సంగతి.

గానుగ సున్నంతో కట్టిన గోడలు, టేకు, మద్ది దూలాలు, పైన బెంగుళూరు పెంకు. మనలో సగం మంది పెళ్ళి భోజనాలు అక్కడే తిన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పెంకు సగం ఎగరగొట్టింది. అప్పుడు డబ్బుల్లేక ఆ సగానికి సిమెంటు రేకులు వేశాం. పెంకుకీ రేకుకీ మధ్య సందులోంచి ఏటా నీళ్ళు దిగాయి. దూలాల చివరలు గోడలో కూర్చునే చోట పుచ్చిపోయాయి. ఇంజనీరు వచ్చి స్క్రూడ్రైవరుతో గుచ్చితే అది పిడి దాకా దిగింది. ఆ రోజే తాళం వేశాం.

కూల్చాలా, బాగుచేయించాలా అన్న చర్చ మూడు సమావేశాలు నడిచింది. 2020లో మన ఊరి పాత గుర్తైన మూడు లాంతర్ల స్తంభం తీసేసినప్పుడు ఊరు ఎంత బాధపడిందో మనకి తెలుసు. పెద్దలు ఆ మాటే ఎత్తారు. మన హాలుకి అంత చరిత్ర లేదు, కానీ మనకున్న చరిత్ర అదే. అందుకని కూల్చే ముందు నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయించి, కొలతలతో ప్లాను గీయించి బీరువాలో పెట్టాం. ముందు ద్వారబంధం, రెండు చెక్కుడు స్తంభాలు అమ్మకంలోంచి మినహాయించాం. తర్వాత జరిగిన వాటన్నిటిలో మేం తెలివిగా చేసిన పని ఇదొక్కటేనేమో.

తెలిసిన మేస్త్రీకి గుత్తకిచ్చేస్తే పోయేదని కొందరన్నారు. సంఘం ఆస్తి కాబట్టి అందరికీ తెలిసేలా సీల్డు టెండర్లు పిలుద్దామని కమిటీ నిర్ణయించింది. ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పు కాదనే నా అభిప్రాయం. తప్పు టెండరు కాగితంలో ఉంది.

కూల్చే పని టెండరు, కట్టే పని టెండరుకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కట్టే పనికి మనం డబ్బిస్తాం, తక్కువకి చేస్తానన్నవాడికి పని వెళుతుంది. కూల్చే పనిలో పాత సామాను కాంట్రాక్టరు పట్టుకెళతాడు కనుక అతనే మనకి డబ్బు కడతాడు, ఎక్కువ పాడినవాడికి పని వెళుతుంది. ఒక సభ్యుడు "రివర్స్ టెండరింగ్ పెడదాం" అని పట్టుబట్టారు, అంటే వచ్చిన ధరని మళ్ళీ పాట పెట్టి ఇంకా తగ్గించడం. ఇది పుట్టుకతోనే రివర్సని ఆయనకి చెప్పడానికి ఒక పూట పట్టింది.

నోటీసు గేటుకి అంటించాం, స్థానిక పత్రికలో చిన్న ప్రకటన వేశాం. నలుగురు వచ్చి హాలు చూసుకున్నారు. ముగ్గురు కవర్లు వేశారు. కవర్లు సభ్యుల ముందే విప్పాం. రెండు కవర్లలో అక్షరాలు ఒకే చేతివి. "శిథిలము" అన్న మాటలో "థ" వత్తు ఇద్దరూ ఒకేలా తప్పు రాశారు. ముప్పై ఏళ్ళు తెలుగు దిద్దినవాణ్ణి, నా కంట అది పడకుండా ఎలా ఉంటుంది? మూడో కవరు కూడా వాళ్ళకంటే కొంచెమే ఎక్కువ. ముందే కూడబలుక్కుని ఒకరిని గెలిపించడం, గెలిచినవాడు మిగతా ఇద్దరికీ 'గుడ్‌విల్' పేరుతో డబ్బివ్వడం కాంట్రాక్టు లోకంలో కొత్తేమీ కాదు. అలాగే జరిగిందని రుజువు చేయలేం, అందుకే ఎవరినీ ఏమీ అనలేదు. నోటీసులో "కారణం చెప్పకుండా టెండర్లు రద్దు చేసే హక్కు సంఘానికి ఉంది" అన్న వాక్యం ఉండబట్టి రద్దు చేసి మళ్ళీ పిలిచాం. ఆ వాక్యం ఎందుకని మొదట్లో నేనే వాదించాను, అది వేరే సంగతి.

రెండోసారి ఇద్దరే వేశారు. మొదటాయన పాట బాగా ఎక్కువ. రెండో ఆయనది తక్కువే, కానీ ఆయన వెనక ఒక కాగితం జత చేశాడు. గోడల మట్టి, ఇటుక ముక్కలు ఎన్ని ట్రాలీలు అవుతాయి, ఏ పల్లంలో నింపుతాడు, ఆ స్థలం యజమాని ఒప్పుకోలు, అన్నీ రాశాడు. మొదటాయన ఫారంలో ఆ గడి ఖాళీ. మా నోటీసులో ఉన్న మాట మాత్రం "ఎక్కువ ధర పలికిన వారికి" అనే. మన మాటకి మనమే కట్టుబడ్డాం. పని మొదటాయనకిచ్చాం.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక పని మొదలుపెట్టమన్నాం. పండగ రద్దీలో లారీలు తిరగడం కష్టం, అక్టోబరులో తుపాను భయం కూడా. ఈపీడీసీఎల్ వాళ్ళకి రాసి కరెంటు సర్వీసు తీయించాం, నీటి పైపు మూయించాం. ఒకాయన కూల్చడానికి ముహూర్తం పెట్టించమన్నారు. పంతులుగారు నవ్వి, కొబ్బరికాయ కొట్టి మొదలెట్టుకోమన్నారు.

మొదటి వారం పని చూసి అందరం మురిసిపోయాం. తలుపులు, కిటికీలు, ఊచలు, పెంకు, వాసాలు, దూలాలు, ఇనుప గడ్డర్లు చకచకా దిగి లారీలెక్కి వెళ్ళిపోయాయి. పదో రోజుకి నాలుగు మొండి గోడలు మిగిలాయి. పదకొండో రోజు ఎవరూ రాలేదు. ఫోను చేస్తే "రేపు మాస్టారూ" అన్నాడు. ఆ రేపు నెల దాటింది.

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఇల్లు కూల్చేటప్పుడు పైనుంచి కిందకి రావాలి, అది భద్రతా నియమం కూడా. భారతీయ ప్రమాణం ఐఎస్ 4130 కూడా పై అంతస్తు నుంచి వరసగా దిగమనే చెబుతుంది. అయితే విలువంతా పైనుంటుంది, ఖర్చంతా కిందుంటుంది. కలప, పెంకు, ఇనుము ముందు చేతికొస్తాయి. ఎవరూ కొనని మట్టి, ముక్కలు చివర మిగులుతాయి. లాభం జేబులో పడ్డాక గోడల కోసం ఎవడు తిరిగొస్తాడు? కట్టే పనిలో అయితే బిల్లు ఆపొచ్చు. ఇక్కడ ఆపడానికి బిల్లే లేదు. మన చేతిలో ఉన్నది ధరావతు, అంటే పనికి హామీగా ముందే కట్టించుకున్న సొమ్ము, ఒక్కటే. ఆ ధరావతు మేం ఎంత పెట్టామంటే, ఎవరి దగ్గరో దొరికిన ప్రభుత్వ కట్టడాల టెండరు నమూనాలోని 2.5 శాతాన్ని అలాగే దించేశాం. అంత చిన్న సొమ్ము వదులుకోవడం అతనికి లెక్కే కాదు.

గోడల లెక్క ఒకసారి చూడండి. హాలు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. చుట్టూ 180 అడుగుల గోడ, 12 అడుగుల ఎత్తు, అడుగున్నర మందం. అంటే 3,240 ఘనపుటడుగులు. తలుపులు, కిటికీల ఖాళీలు పోను 2,900 అనుకుందాం. గోడ కూలితే వదులై దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది కనుక 4,000 దాటుతుంది. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగులు పట్టినా 40 ట్రాలీల పైమాటే. బరువు చూస్తే సుమారు 150 టన్నులు. ఇది నేను టెండరు పిలవక ముందు వెయ్యాల్సిన లెక్క. ఐదు నిమిషాల పని. వేసింది మాత్రం గోడలు నా మొహం చూస్తూ నిలబడ్డ తర్వాత.

ఆ మధ్యలో ఇంకో టెన్షన్. రాత్రి పూట ఎవరో రెండు ట్రాలీలు నింపి గెడ్డ (వాగు) గట్టున పోసేశారు. పొద్దున్నే అటు పొలం ఉన్నవాళ్ళు మన మీదకి వచ్చారు, న్యాయమే. అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనల ప్రకారం చూసినా ఆ మట్టికి బాధ్యత మనదే. కాంట్రాక్టరు పేరు చెప్పి తప్పించుకునే వీల్లేదు. రోజుకి 20 టన్నులు, లేదా ఒక పనిలో నెలకి 300 టన్నులు దాటితే ముందుగా ప్లాను ఇచ్చి అనుమతి తీసుకోవాలని కూడా వాటిలో ఉండేది. మనది మొత్తం 150 టన్నులే కదా అనిపిస్తుంది. కానీ జేసీబీ పెడితే ఒక్క రోజులోనే 20 దాటిపోతుంది. గెడ్డ గట్టు మట్టిని మన ఖర్చుతో ఎత్తించాం.

చివరికి ధరావతు జప్తు చేసుకుని, మిగిలిన పనికి ఇంకో టెండరు పెట్టాం. ఈసారి డబ్బిచ్చేది మనం. మొదట్లో ట్రాలీల కాగితం జత చేసిన రెండో ఆయనే మళ్ళీ వచ్చాడు. ఆయనకిచ్చింది, మొదటి పాటలో మనకొచ్చిన దాంట్లో సగానికి పైనే. రెండు లెక్కలూ కలిపి చూస్తే మొదట్లోనే ఆయనకి ఇచ్చి ఉంటే సంఘానికి ఎక్కువ మిగిలేది. "నేను ఆ రోజే చెప్పాను కదండీ" అని ఆయన అనలేదు. అందుకు ఆయనకి కృతజ్ఞతలు.

ఆయన పని తీరు గురించి కొంచెం రాయాలి. మొదటాయన మనుషులు సిమెంటు రేకులు సుత్తితో పగలగొట్టి కింద పడేశారు, సగం అక్కడే వదిలేశారు. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగిలితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. ఈయన ముక్కల మీద నీళ్ళు చల్లి, తడిగా ఉండగానే మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టించి విడిగా పంపాడు. కూలీలకి ముక్కుగుడ్డలు, హెల్మెట్లు ఇచ్చాడు. రోడ్డు వైపు గోడని తాడు కట్టి లాగకుండా పైనుంచి వరస వరసగా విప్పించాడు. ఆలస్యమవుతోందని కొందరు గొణిగారు. పక్కింటి ప్రహరీకి చిన్న బీట కూడా పడలేదు.

ఇంకొకటి నాకు కొత్తగా తెలిసింది. సున్నంతో కట్టిన గోడలో ఇటుక విరగకుండా వస్తుంది. సిమెంటు పట్టినట్టు సున్నం పట్టదు, నాలుగు దెబ్బలకి ఊడొస్తుంది. గోకి, దులిపి మంచి ఇటుకలు వేరు చేసి దొంతర పెట్టాం. కొత్త ప్రహరీకి చాలా వరకు సరిపోతాయి. ముక్కలేమో కొత్త హాలు పునాదిలో నింపడానికి అక్కడే కుప్ప పోయించాం. అలా 40 ట్రాలీల్లో దాదాపు సగం గేటు దాటలేదు.

వచ్చే ఏడాది పాత పంపు షెడ్డు కూల్చాలి. దానికి కమిటీ రాసుకున్న షరతులు ఇవి. ధరావతు శాతాల్లో కాదు, మట్టి మొత్తం ఎత్తడానికయ్యే ఖర్చుకి తగ్గకుండా ఉండాలి. పాట సొమ్ము పూర్తిగా కట్టాకే మొదటి లారీ కదలాలి. పైకప్పు సామానులో సగం మాత్రమే ముందు వదలాలి, మిగతా సగం గోడలు నేలమట్టమయ్యాక. మట్టి ఎక్కడికి వెళుతుందో రాయని ఫారం చెల్లదు. "ఎక్కువ ధర పలికిన వారికి" అన్న మాట నోటీసులోంచి తీసేశాం.

లెక్కల పట్టిక, ఆడిటరు సంతకంతో, విడిగా జత చేశాను. అందులో "ఇతర ఖర్చులు" అన్న వరసలో గెడ్డ గట్టు శుభ్రం చేసిన ఖర్చు ఉంది. ఎవరూ వెతుక్కోకుండా ఇక్కడే చెబుతున్నాను. భవనం లేదు కాబట్టి ఇంటిపన్ను బదులు ఖాళీ స్థలం పన్నుకి మార్చమని అర్జీ పెట్టాం, రసీదు ఫైల్లో ఉంది.

ద్వారబంధం, రెండు స్తంభాలు మా పెరట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. చెదలు పట్టే లోపు ఎవరింట్లోనైనా సిమెంటు గచ్చున్న గది దొరికితే చెప్పండి. ఎత్తడానికి ఆరుగురు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి