గీకేసిన తారు గుట్టల గురించి చీఫ్ ఇంజినీర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రోడ్లు, భవనాల శాఖ చీఫ్ ఇంజినీర్ గారికి నమస్కారం.

కొత్త పొర వేసే ముందు మిషన్‌తో గీకి తీసిన పాత తారు కంకరను తిరిగి వాడటానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వారి ఐఆర్‌సీ 120 మార్గదర్శకాలు 2015లోనే వచ్చాయి. చిక్కంతా తారు వయసుతోనే. ప్లాంటులో వేడి కంకరతో కలిసినప్పుడే అది గట్టిపడటం మొదలవుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆక్సిజన్, మన ఎండలు. తారులో మెత్తదనాన్నిచ్చే నూనెలాంటి భాగాలు (మాల్టీన్లు) తగ్గి, గట్టి భాగాలు (ఆస్ఫాల్టీన్లు) పెరుగుతాయి, రోడ్డు పెళుసెక్కి పగులుతుంది.

పాత తారును మళ్లీ మెత్తబరిచే నూనె, అంటే రెజువినేటర్, కలిపితే మెత్తబడుతుంది, నిజమే. ఆ మాటకొస్తే వాడేసిన వంటనూనె పోసినా మెత్తబడుతుంది! మోతాదు మించితే ఎండాకాలం లారీల చక్రాల కింద రోడ్డు మీద గాడులు పడతాయి. అసలు ప్రశ్న, ఆ మెత్తదనం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. అందుకే టెండర్లో ఒక షరతు పెట్టండి సార్: నూనె కలిపిన తారును ప్లాంటు వేడిని అనుకరించే ఆర్‌టీఎఫ్‌ఓ ఓవెన్‌లో 163 డిగ్రీల వద్ద 85 నిమిషాలు, ఆపైన రోడ్డు మీద ఏళ్ల తరబడి వచ్చే ముసలితనాన్ని అనుకరించే ప్రెషర్ ఏజింగ్ వెసెల్‌లో 20 గంటలు ఉంచి, మళ్లీ ముసలిదయ్యాకే పగుళ్ల పరీక్ష చేయాలి. మొదటి రోజు రిపోర్టు ఒక్కటే చూసి బిల్లు పాస్ చేయొద్దు.

రెజువినేటర్‌గా జీడిగింజల తొక్క నూనె మీద కూడా పరిశోధనలు జరిగాయి. పలాసలో ఆ తొక్కలకు కొదవా? ఒక కిలోమీటరు ట్రయల్ వేయించి, ఫలితం ఎలా వచ్చినా అందరికీ కనిపించేలా పెట్టండి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి