మంచం తల ఎత్తితే చాలదా?

సంపాదకునికి,

గత నెల మా నాన్నగారు విశాఖలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. వెంటిలేటర్ రోగికి మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. లేకుంటే కడుపులోని ద్రవాలు పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. దుప్పటి మార్చిన ప్రతిసారీ మంచం చదునుగానే మిగిలిపోయేది. గుర్తు చేసింది నేనే. మంచం పక్కన చేతులు శుభ్రం చేసుకునే ద్రవం సీసా రెండు రోజులు ఖాళీగా వేలాడింది. నర్సులను తప్పుపట్టను, ఒక్కొక్కరికి నలుగురు రోగులు మరి!

వెయ్యి వెంటిలేటర్ రోజులకు (ఒక రోగి ఒక రోజు వెంటిలేటర్ మీద ఉంటే అది ఒక వెంటిలేటర్ రోజు) ఎన్ని న్యుమోనియాలు వచ్చాయో లెక్కించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ అంకెను ప్రతి నెలా ఐసీయూ తలుపు మీద అంటించమని జిల్లా ఆరోగ్యాధికారులు ఆదేశించాలి.

— ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం