పచ్చ మాటల కొటేషను

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రాంబాబూ,

తెనాలిలో మీ అమ్మాయి పెళ్ళికి ఏర్పాట్లు చేసే ఆయన ఇచ్చాడని నువ్వు పంపిన కొటేషన్ చూశాను. పైన ‘గ్రీన్ వెడ్డింగ్ ప్యాకేజీ’ అని, కింద వరసగా ఎకో ఫ్రెండ్లీ, బయోడిగ్రేడబుల్, జీరో వేస్ట్, కార్బన్ న్యూట్రల్. మామూలు దానికంటే 80 వేలు ఎక్కువ! ‘ఈ మాటలకి అర్థమేంట్రా, 80 వేలు దేనికో తెలిస్తే ఇస్తాను’ అన్నావు. ఫోన్లో చెబితే సగం విని ‘సరే సరే’ అంటావు, అందుకే ఉత్తరం. మా అపార్ట్‌మెంట్లో చెత్త కమిటీ నా నెత్తిన పడి రెండేళ్ళయింది కదా, అప్పట్నుంచీ నా కాపురం ఈ మాటలతోనే.

ఎకో ఫ్రెండ్లీకి అర్థం ఏమీ లేదు. మిఠాయి కొట్టు మీద ‘స్వచ్ఛమైన నేతితో’ అని రాసుకోవడం లాంటిది. కొట్టేసెయ్.

బయోడిగ్రేడబుల్ దగ్గరే అసలు తిరకాసు. ఎప్పటికో అప్పటికి సూక్ష్మజీవులు తినేస్తాయి అని ఆ మాటకి అర్థం. ఎన్నాళ్ళకి, ఎక్కడ అన్నది అందులో లేదు. కంపోస్టబుల్ అన్నది కాస్త గట్టి మాట, ఫలానా వేడిలో ఫలానా గడువులోగా ఎరువైపోవాలి. కానీ ఆ వేడి దాదాపు 60 డిగ్రీలు. కంపోస్టు ప్లాంటులో ఉంటుంది గానీ పూలకుండీలో ఎందుకుంటుంది? నాకు ఇది తెలియక పోయిన ఉగాదికి ఒక ప్రయోగం చేశాను. మొక్కజొన్న పిండితో చేశామని రాసున్న కవరొకటి, అమ్మ ఊరినుంచి తెచ్చిన మోదుగ విస్తరాకు ఒకటి, రెండూ డాబా మీద ఒకే కుండీలో పాతిపెట్టాను. రోజూ నీళ్ళు పోశాను. దసరా సెలవుల్లో తవ్వితే విస్తరాకు ఆనవాలు లేదు, కుట్టిన పుల్లలు నాలుగు మిగిలాయి అంతే. కవరు మాత్రం మట్టి దులిపితే ‘నేను ప్లాస్టిక్ కాదు’ అన్న పచ్చ అక్షరాలతో సహా బయటికొచ్చింది. అమ్మ దాన్ని కడిగి ఆరేసి కరివేపాకు వేసుకుంది.

కాబట్టి ఆయన ‘బయో’ కవర్లు ఇస్తానంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉందా అని అడుగు. ఉన్నా సరే, అవి తెనాలిలో ఏ ప్లాంటుకి పోతాయో కూడా అడుగు. నీళ్ళు నమిలితే వద్దని చెప్పు. పళ్ళేలకైతే మోదుగ విస్తళ్ళు, వక్కపట్టవి, చెరకు పిప్పివి ఏవైనా పర్లేదు, లోపల మెరిసే పూత లేకుండా చూసుకో. కాగితం కప్పు కూడా ఉత్త కాగితం కాదురా. టీ కారకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

ఆయన గొప్పగా రాసిన ‘థర్మోకోల్ రహిత అలంకరణ’ చూస్తే నవ్వొచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశమంతా అలంకరణకి థర్మోకోల్ వాడటమే నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీటు డబ్బాలకీ శుభలేఖలకీ చుట్టే పల్చటి ప్లాస్టిక్ కాగితం, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదోవంతు) మందం లోపు ఫ్లెక్సీలు అన్నీ ఆ జాబితాలోవే. చట్టం వద్దన్నదాన్ని మానేసి అదనంగా డబ్బులడగడం ఏం లెక్క? దీన్నే గ్రీన్‌వాషింగ్ అంటారు, గోడకి వెల్ల వేసినట్టు పైన పచ్చ పూత. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవాది ఈ మాట పుట్టించాడు. హోటళ్ళవాళ్ళు ప్రకృతి కోసం తువ్వాళ్ళు మళ్ళీ వాడండి అని గదుల్లో కార్డులు పెట్టి, ఉతుకుడు ఖర్చు మిగుల్చుకోవడం చూసి ఒళ్ళు మండి రాశాడట.

ఇక కార్బన్. పత్రికల్లో ‘కర్బన పాదముద్ర’ అని రాస్తారు, నాకైతే కృష్ణాష్టమికి గడపలో వేసే చిన్నికృష్ణుడి పాదాలే గుర్తొస్తాయి. మనం చేసిన పనివల్ల గాల్లోకి పోయిన కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల లెక్క అది. పందిరికి పెట్టే జనరేటర్ సంగతే చూడు. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ బరువే కిలో ఉండదు, మరి అంతెలా అంటావా? కాలేటప్పుడు గాల్లోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, ఎక్కువ బరువు దానిదే. వంట గ్యాసైతే కిలోకి 3 కిలోల దాకా. కార్బన్ న్యూట్రల్ అంటే ఇదంతా కూడి, అంతకి అంతా ఎక్కడో ఒకచోట తగ్గించి చెల్లుకి చెల్లు చేశామని. ఆ ఏర్పాట్లాయన ఎలా చెల్లు చేస్తాడట? 100 మొక్కలు నాటి. మీ అమ్మాయి పెళ్ళి పొగని ఆ మొక్కలు పీల్చడానికి ఏళ్ళు పడుతుంది, అదీ బతికితే. ఎవరు నీళ్ళు పోస్తారో రాశాడా? లేదు. జనరేటర్ కరెంటు పోయినప్పుడే వేయమను, అది మేలు.

జీరో వేస్ట్, అంటే చెత్తకుప్పకి ఏమీ పోకుండా చూడటం, అది మాత్రం పట్టుబట్టి అడుగు. మిగిలిన అన్నం చెత్తకుప్పలో గాలాడకుండా కుళ్ళితే మీథేన్ వస్తుంది, వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకి పైగా వేడి పట్టి ఉంచుతుంది. తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేయించి, పక్కన మనిషిని నిలబెట్టు. మనిషి లేకపోతే డబ్బాల రంగులు చూసేవాడెవడు? అన్నట్టు, ఇంటి ముందు పందిట్లో చేస్తున్నావు కదా, వందమంది దాటితే మూడు పనిదినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలని 2016లో వచ్చిన చెత్త నిబంధనల్లో పెట్టారు. ఒక కాగితం రాసిచ్చెయ్. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు మీ ఎదురింటి గేదెల కుడితి తొట్టిలోకి పోనీ. మా కమిటీ మీటింగుకొచ్చిన కన్సల్టెంటు దాన్నే ‘సర్క్యులర్ ఎకానమీ’ అని గంటసేపు బొమ్మలేసి చెప్పాడు.

మంచినీళ్ళకి మాత్రం ఏ బయో గ్లాసులూ వద్దురా, స్టీలువి అద్దెకి తెచ్చేయ్. రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ అంటారే, ఆ వరస ఊరికే పెట్టలేదు. తగ్గించడం ముందు, తర్వాత మళ్ళీ వాడటం, కరిగించడం ఆఖరున. నీ పెళ్ళికి స్టీలు గ్లాసులు పదకొండు తక్కువొస్తే మీ నాన్నగారు మనిద్దర్నీ అర్ధరాత్రి టార్చిలైటుతో కాలవగట్టు దాకా పంపారు, గుర్తుందా? తొమ్మిది దొరికాయి. ఆ తర్వాతే కదా ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయని అందరికంటే ముందు మనమే సంబరపడింది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు, అమ్మాయికి ఆశీస్సులు. పెళ్ళికి రెండ్రోజుల ముందే దిగుతాను. గ్లాసుల లెక్క నాకొదిలెయ్, టార్చి కూడా నేనే తెస్తా.

నీ
సుబ్బు