బ్యాంకు మిత్రుడికి రైలు మనిషి జవాబు

నంద్యాల,
ఆదివారం.

మిత్రమా,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు నన్ను ఎగతాళి చెయ్యడానికే వెచ్చించావు కనుక, ఈ జవాబు కాస్త పొడుగైతే ఓపిక పట్టి చదవాలి. "రెండు బండ్ల మధ్య కునుకు తీసి జీతం పుచ్చుకున్న మహానుభావుడివి" అని రాశావే, ఆ వాక్యాన్ని మా ఆవిడ నాచేత రెండుసార్లు చదివించుకుని మరీ నవ్వింది. ఇంట్లోనే పరువు పోయాక ఇక ఊరుకోవడం కుదరదు.

ముందు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. హైస్కూల్లో చక్రవడ్డీ లెక్కలంటే నాకు మంచినీళ్ళ ప్రాయం, నీకు చలిజ్వరం. అదే ఎదురెదురుగా బయలుదేరిన రెండు రైళ్ళు ఎన్ని గంటలకు కలుసుకుంటాయో కనుక్కోవాలంటే నువ్వు బలపం కూడా ముట్టుకోకుండా చెప్పేవాడివి, నేను బిక్కమొహం వేసేవాణ్ణి. మన ఇచ్చిపుచ్చుకోవడాలు లెక్కల మాస్టారికి తెలియవని నువ్వు ఇప్పటికీ నమ్ముతున్నావేమో కానీ, ఇద్దరి కాగితాల్లోనూ ఒకే చోట ఒకే కొట్టివేత ఉంటే ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? తీరా ఉద్యోగాల వేటలో ఇద్దరమూ అన్ని పరీక్షలూ రాస్తే, వడ్డీ లెక్కలు వచ్చినవాణ్ణి రైల్వేవాళ్ళు, రైళ్ళ లెక్కలు వచ్చినవాణ్ణి బ్యాంకువాళ్ళు ఎత్తుకుపోయారు. పైగా మాస్టారు ఆ రైళ్ళు ఎప్పుడు కలుస్తాయని అడిగితే, నా ఉద్యోగమంతా అవి కలుసుకోకుండా చూడటంతోనే సరిపోయింది.

అది ఎలా చూస్తారో నీకు ఎన్నోసార్లు చెప్పబోయాను, నువ్వు ప్రతిసారీ మాటను కరువు భత్యం (డీఏ) బకాయిల్లోకి మళ్ళించావు. ఇప్పుడు కాగితం నా చేతిలో ఉంది కాబట్టి విను. సికింద్రాబాద్ దగ్గరి మౌలాలిలో శిక్షణ ముగించుకుని స్టేషన్ మాస్టరుగా నేను వచ్చి పడ్డ గుంటూరు–గుంతకల్లు లైను అప్పట్లో మీటర్ గేజ్, అంటే సన్న పట్టాల దారి, అదీ రాకపోకలు రెండూ ఒకే దారిన సాగే ఒంటి లైను. పక్క స్టేషనుకు బండి పంపాలంటే నా గదిలోని యంత్రం మీద గంట కొట్టి అక్కడి స్టేషన్ మాస్టరును లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడగాలి. ఆయన ఒప్పుకుని తన యంత్రం మీద చెయ్యి వేస్తేనే నా యంత్రంలోంచి జామకాయంత ఉక్కు గుండు ఒకటి బయటికి వస్తుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద వలయానికి కట్టి డ్రైవరుకు అందిస్తాం. అది చేతికి అందనిదే డ్రైవరు రెండు స్టేషన్ల మధ్య ఉండే సెక్షన్లోకి అడుగు పెట్టడు. ఆ ఒక్క గుండు బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో ఏ ఒక్కటీ మరో గుండు ఇవ్వదు, బతిమాలినా ఇవ్వదు, పై అధికారి ఫోను చేసినా ఇవ్వదు. మీ మేనేజర్ల మనసు కరిగినట్టు దాని మనసు కరగదు.

బండి మా స్టేషనులో ఆగకుండా పోయేదైతే ఆ వలయాన్ని పరుగు మీదే అందించాలి. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున చెయ్యి చాపి నిలబడితే, ఇంజనులోంచి ఒకడు వంగి, వెనక స్టేషనువాళ్ళిచ్చిన పాత వలయాన్ని కింద పడేసి కొత్తదాన్ని మోచేతికి తగిలించుకుని పోతాడు. ఒక వానాకాలపు రాత్రి గూడ్సు బండి మీద మనిషి పాతదాన్ని కాస్త ఆలస్యంగా వదిలాడు. అది ప్లాట్‌ఫారం దాటి ముళ్ళపొదల్లో పడింది, సంచి నోరు ఊడి గుండు ఎటో దొర్లిపోయింది. గూడ్సు వచ్చిన దారినే పోవలసిన పాసింజరు అప్పటికి పక్క పట్టాల మీద, లూప్ లైనులో కాచుకుని ఉంది. ఆ గుండు దొరికి యంత్రంలో పడితే తప్ప ఆ సెక్షన్ తెరుచుకోదు, పాసింజరు కదలదు. నేనూ పాయింట్స్‌మనూ లాంతర్లతో పొదలు గాలిస్తుంటే, అటు బండ్ల రాకపోకలు నడిపించే కంట్రోల్ ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది, ఇటు గార్డు గడియారం చూపిస్తున్నాడు. ఇంతలో పాసింజరులోని జనం ఒక్కొక్కరే దిగి, తలా ఒక సలహా పట్టుకుని వచ్చారు. చివరికి విస్తరాకుల మూటతో ప్రయాణం చేస్తున్న ఒక ముసలమ్మ కాలికి అది తగిలింది. ఆమె దాన్ని ఎత్తి కొంగుతో బురద తుడిచి, "ఈ గుండు కోసమా నాయనా ఇంతమందిని నిలబెట్టినావు?" అంది. అంతమంది ముందు నేనేం జవాబు చెప్పను? దండం పెట్టి తీసుకున్నాను.

నీ కౌంటరులోనూ టోకెన్లు ఉండేవి, కాదనను. నంబరు కొట్టిన గుండ్రటి ఇత్తడి బిళ్ళలు; చెక్కు ఇచ్చినవాడు ఒకటి పుచ్చుకుని బెంచీ మీద కూర్చుని, క్యాషియరు కేక వేసేదాకా దాన్ని వేళ్ళ మధ్య తిప్పుకునేవాడు. ఎవడైనా మరిచిపోయి జేబులో వేసుకుని ఊరెళితే మీరొక ఉత్తరం ముక్క రాసి చేతులు దులుపుకునేవారు. అదే మాకైతే ఊళ్ళకు ఊళ్ళు స్టేషనులో నిలబడిపోతాయి. బాధ్యత ఎవరిదెక్కువో మూడో మనిషిని అడిగి తేల్చుకుందామంటే నేను సిద్ధం.

అయినా న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమైన దరిమిలా నీవంటి వాళ్ళు పల్లెల్లో పడ్డ పాట్లు మాకు లేవు. ఐఆర్‌డీపీ (సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం) రోజుల్లో గేదెల అప్పులిచ్చి, ఆ గేదెలు ఉన్నాయో లేవో చూడటానికి నువ్వు సైకిలు మీద తిరిగిన కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు కొత్తగానే ఉంటుంది. ఒక పేటలో చూసిన గేదే రెండో పేటలోనూ నిన్ను చూసి చెవులు ఆడించిందనీ, మూడో పేటకు వచ్చేసరికి కొమ్ములకు పసుపు పూసుకుని మరీ ప్రత్యక్షమైందనీ, విరిగిన కొమ్ము ఒక్కటీ పట్టివ్వకపోతే నువ్వు మూడు సంతకాలూ పెట్టేసేవాడివనీ చెప్పావు. ఆ గేదె నీకంటే చురుకైన ఉద్యోగి అని నా అభిప్రాయం. ప్రయాణ భత్యం (టీఏ) కూడా అడగకుండా అన్ని ఊళ్ళు తిరిగింది. సాయంత్రం ఒక్క రూపాయి తేడా వస్తే మీ వాళ్ళంతా రాత్రి దాకా లెడ్జర్లు తిరగేసేవారన్నది మాత్రం నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ రూపాయి లెక్క నువ్వు ఇప్పటికీ కాఫీ హోటల్లో చేస్తావు.

ఇక కునుకు సంగతి. బండ్లు లేనప్పుడు స్టేషన్ మాస్టరు ఖాళీ అనుకోవడం, ఖాతాదారులు లేనప్పుడు బ్యాంకు ఖాళీ అనుకోవడం లాంటిదే. ఆ రోజుల్లో ట్రైన్ రిజిస్టరులో యంత్రం మీద మోగిన ప్రతి గంటకూ, వచ్చిపోయే ప్రతి బండికీ నిమిషం తప్పకుండా రాసుకోవాలి, అట్టముక్క టికెట్ల మీద తేదీ గుద్దాలి, అమ్మినవాటి మొదటి, చివరి నంబర్లతో వసూలు లెక్క సరిపోవాలి. మధ్యలో ఫోనెత్తడం ఆలస్యమైతే కంట్రోలులో కూర్చున్నవాడు అడిగే మొదటి ప్రశ్న నువ్వు రాసిందే: "ఏమయ్యా, నిద్రపోతున్నావా?" నల్లమలలో ఒకటి రెండు స్టేషన్లలోనైతే, చీకటి పడ్డాక క్వార్టర్సు నుంచి స్టేషను గదికి కర్రా లాంతరూ లేకుండా ఎవరమూ నడిచేవాళ్ళం కాదు. చిరుత భయంతో నిద్ర పట్టే మనిషిని నేనింకా చూడలేదు.

తొంభైల్లో గేజ్ మారింది. 1000 మిల్లీమీటర్ల దారి పోయి 1676 మిల్లీమీటర్లది వచ్చింది. ఆ తర్వాత గుండు యంత్రాలూ ఒకటొకటిగా పోయాయి, మీ ఇత్తడి బిళ్ళలూ కంప్యూటర్ల ధాటికి నిలవలేదు. నీ దగ్గర ఒక బిళ్ళ దాచుకున్నావని నాకు అనుమానం. లేకపోతే నీ ఉత్తరంలో రాసిన ఆ 37వ నంబరు అంత కచ్చితంగా ఎలా గుర్తుంటుంది?

సంక్రాంతికి మన బ్యాచి వాళ్ళు బడిలో కలుద్దామంటున్నారు. నువ్వు కారులో వస్తానని రాశావు. అక్కర్లేదు, రాత్రి బండికి టికెట్టు తీసుకుని నంద్యాలలో దిగు, ఇక్కడినుంచి ఇద్దరం కలిసి పోదాం. దారిలో దిగువమెట్టకు ముందే నల్లమల ఘాట్, అంటే కొండదారి, వస్తుంది, అక్కడ కునుకు తీస్తే మాత్రం లేపను. పిల్లలకు ఆశీస్సులు, వదినగారికి నా నమస్కారాలు. మా ఆవిడ నీ ఉత్తరంలోని ఆ వాక్యం మీ ఇంట్లోనూ పైకి చదివించమంటోంది, నా జవాబుతో కలిపి.

ఇట్లు,
నీ స్టేషన్ మాస్టరు